ఉపకార వేతనం ఆశతో కళాశాల మెట్లెక్కుతున్న పల్లె పిల్లలు
ఫీజు సర్కారు కడుతుంది, అందాకా వడ్డీ తల్లులు కడుతున్నారు

సిద్దిపేట: ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినది మొదలు సిద్దిపేట పట్టణంలోని మీసేవ కేంద్రాల ముందు పొద్దున తొమ్మిది గంటలకే జనం బారులు తీరుతారు. చిన్నకోడూరు, నంగునూరు, తొగుట, మిరుదొడ్డి వైపు నుంచి మొదటి బస్సుకు దిగినవారే వీరిలో ఎక్కువ. ప్రతి చేతిలోనూ ఒక ప్లాస్టిక్ కవరు వుంటుంది. అందులో పదో తరగతి మెమో, ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, ఫోటోలు. ఇంత మంది ఇంత పొద్దున్నే వచ్చి నిలబడేది ఒకే ఒక్క కాగితం కోసం. అదే ఆదాయ ధ్రువీకరణ పత్రం. ఈ కాగితం తహసీల్దారు కార్యాలయం నుంచి సకాలంలో వస్తే కొడుకో కూతురో కళాశాలకు పోతారు. రాకపోతే చాలా ఇండ్లలో ఆ చదువు అక్కడితో సరి.

మొన్న ఆ వరుసలో దుబ్బాక మండలానికి చెందిన ఒక బీడీ కార్మికురాలు కనిపించింది. చిన్న కూతురు ఇంటర్ పాసయింది, డిగ్రీలో చేర్చాలి. ఆమె మొగం మీద మాత్రం సంతోషం లేదు. అడిగితే పెద్ద కూతురి సంగతి చెప్పుకొచ్చింది. ఆ కథ తరువాత చెబుతాం. ముందు ఈ ఉపకార వేతనం ఏమిటో, ఎవరికి ఎట్లా వస్తుందో చూడవలసి వున్నది. ఎందుకంటే దీన్ని పొందుతున్నవారిలోనే సగం మందికి ఇందులో రెండు రకాల డబ్బు వున్నదని తెలియదు.

మొదటిది బోధన రుసుము. అందరూ ఫీజు రీయింబర్స్‌మెంట్ అనేది దీన్నే. విద్యార్థి కళాశాలకు కట్టవలసిన ఫీజును ప్రభుత్వం తన ఖజానా నుంచి చెల్లిస్తుంది. రెండవది నిర్వహణ ఖర్చు, అంటే పుస్తకాలకు, బస్సుకు, హాస్టల్లో తిండికి ఇచ్చే మొత్తం. పిల్లలు స్కాలర్‌షిప్పు అనేది దీన్ని. ఇది విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఈ రెండింటికీ దరఖాస్తు ఒక్కటే, ఈ-పాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో పెట్టుకోవాలి. స్కాలర్‌షిప్పు పడింది గదా, ఫీజు కూడా వచ్చినట్టే అని నమ్మి, చివరి సంవత్సరం కళాశాల గుమాస్తా బాకీ చీటీ చూపినప్పుడు నోరు వెళ్లబెట్టినవారు మన జిల్లాలో తక్కువ మంది లేరు.

మెట్రిక్ తరువాతి ఉపకార వేతనం కొత్తగా పుట్టిన పథకమేమీ కాదు. షెడ్యూల్డు కులాల విద్యార్థుల కోసం దేశంలో దీన్ని 1944లోనే ప్రారంభించారు. డాక్టర్ అంబేద్కర్ అప్పుడు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడు. తరువాత గిరిజన విద్యార్థులకూ వర్తింపజేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా వుండగా, 2008-09 ప్రాంతంలో, వెనుకబడిన తరగతులలో అర్హులైన విద్యార్థులందరికీ ఫీజు చెల్లించే విధానం వచ్చింది. ఆ వెంటనే ఇతర కులాలలోని పేదలకూ విస్తరించారు. అంతకుముందు బీసీ పిల్లలకు బడ్జెట్లో వున్నంత మేరకే ఇచ్చేవారు. ఆ నిర్ణయంతో పల్లెల్లో జరిగిన మార్పు కండ్లారా చూసినదే. కల్లు గీసే ఇంట్లో, మగ్గం నేసే ఇంట్లో, గొర్లు కాసే ఇంట్లో ఇంజనీరింగు అనే మాట వినబడటం అప్పుడే మొదలయింది. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత 1956ను ప్రాతిపదికగా తీసుకొని ‘ఫాస్ట్’ అనే పేరుతో కొత్త పథకం తేవాలని చూశారు. అది కోర్టు దాకా వెళ్లింది, చివరకు విరమించుకుని పాత పద్ధతినే కొనసాగించారు. ఆ తర్జనభర్జనల నడుమ ఆ ఏడాది విద్యార్థులు నెలల తరబడి ఎదురుచూశారు.

సిద్దిపేటకు చదువు వాసన కొత్త కాదు. ఇక్కడి ప్రభుత్వ డిగ్రీ కళాశాల 1956 నాటిది. తెలంగాణ తొలి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు చింతమడక నుంచి వచ్చి బీఏ చదివింది ఈ కళాశాలలోనే. ప్రభుత్వ కళాశాలలో ఫీజు తక్కువ గనుక అక్కడ సీటు వచ్చినవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ కంటే స్కాలర్‌షిప్పు ముఖ్యం. ఊరి నుంచి రోజూ వచ్చిపోవడానికి మగపిల్లలకు బస్సు పాసు, మధ్యాహ్నం ఇంత తిండి. ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి చార్జీ లేదు గనుక ఆ బరువు తగ్గింది. కాని అందరికీ ప్రభుత్వ కళాశాలలో కోరిన గ్రూపు దొరకదు. దోస్త్ పద్ధతిలో ఆన్‌లైను సీట్లు కేటాయిస్తున్న నాటి నుంచి, అంటే 2016 నుంచి, ఏ ప్రైవేటు కళాశాలలో పేరు వస్తే అక్కడికి పోవలసిందే. అసలు చిక్కు అక్కడ మొదలవుతున్నది.

ఇంజనీరింగు లెక్క

ఇంజనీరింగు సంగతి మరీ వేరు. షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు పూర్తి ఫీజు వర్తిస్తుంది. బీసీలకూ, ఆర్థికంగా వెనుకబడిన ఇతరులకూ ఎంసెట్, ఇప్పటి ఎప్‌సెట్‌లో పది వేల లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు. ర్యాంకు పది వేలు దాటితే, కొద్దిపాటి మినహాయింపులు పోను, ఏడాదికి 35,000 రూపాయలు మాత్రమే. కళాశాల ఫీజు 80,000 అనుకుంటే మిగిలిన 45,000 తండ్రి జేబులోంచి రావాలి. నాలుగేండ్లకు అది 1,80,000. ఈ 35,000 అంకె రాష్ట్రం విడిపోక ముందు నాటిది. అప్పటి నుంచి కళాశాలల ఫీజులు పెరుగుతూ పోయాయి గాని ఈ అంకె కదలలేదు. ఫీజు సర్కారే కడుతుందట అన్న ఒక్క మాట నమ్మి సీటు తీసుకునేవారికి ఈ లెక్క ముందుగా చెప్పేవారు ఎవరూ లేరు. కౌన్సెలింగ్ గదిలో అడిగితే చెబుతారు గాని, అడగాలని తెలిస్తే గదా.

ఆదాయ పరిమితి విషయం కూడా ఇట్లాంటిదే. బీసీ కుటుంబానికి గ్రామాల్లో ఏడాదికి లక్షా యాభై వేలు, పట్టణాల్లో రెండు లక్షలు మించరాదు. లక్షా యాభై వేలంటే నెలకు 12,500. అంగన్‌వాడీ టీచరుకు 2021లో పెరిగిన గౌరవ వేతనం నెలకు 13,650 రూపాయలు. పన్నెండు నెలలకు 1,63,800 అవుతుంది. అంటే పల్లెటూరి అంగన్‌వాడీ టీచరు కూతురు, తండ్రి సంపాదన పైసా లెక్కకట్టకపోయినా, కాగితం ప్రకారం పేద కాదు. ఆమె కండ్ల ముందే, పది ఎకరాలున్న ఆసామి కొడుకు వ్యవసాయ ఆదాయానికి రసీదులుండవు గనుక అర్హుడైపోతాడు. ఇది ఎవరినీ వేలెత్తి చూపడానికి రాస్తున్నది కాదు. నెల జీతం కాగితం మీద కనిపిస్తుంది, పంట కనిపించదు, అంతే.

పెద్ద కూతురి కథ

బీడీ కార్మికురాలి పెద్ద కూతురు ఒక ప్రైవేటు కళాశాలలో డిగ్రీ చదివింది. మూడేండ్లూ ఈ-పాస్‌లో దరఖాస్తు పెట్టింది, మూడేండ్లూ మంజూరయింది. స్కాలర్‌షిప్పు ఒక ఏడాదిది ఖాతాలో పడింది కూడా. డిగ్రీ పాసయి, పీజీ ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది. చేరాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి. కళాశాలకు పోతే, రెండేండ్ల ఫీజు ప్రభుత్వం నుంచి ఇంకా రాలేదని, ఆ మొత్తం కట్టి టీసీ, మెమోలు తీసుకుపొమ్మని చెప్పారట. ప్రభుత్వం డబ్బు విడుదల చేసిన నాడు తిరిగి ఇస్తామన్నారట. గడువు నాలుగు రోజులే వున్నది. తల్లి మహిళా సంఘంలో అప్పు తీసి కట్టింది. బీడీలు చుట్టి వచ్చే కూలిలోంచి ఇప్పుడు నెలనెలా కిస్తీ పోతున్నది. మంజూరయిన డబ్బు ఎప్పుడు వస్తుందో కళాశాలకూ తెలియదు, ఆమెకూ తెలియదు. చిన్న కూతురిని డిగ్రీకి పంపాలంటే మళ్ళీ అదే జరుగుతుందేమోనని ఆమె బెంగ.

కళాశాలల వాదన కూడా వినదగినదే. అధ్యాపకులకు నెలనెలా జీతాలివ్వాలి, భవనానికి కిరాయి కట్టాలి. వచ్చే విద్యార్థుల్లో ఎక్కువ మంది ప్రభుత్వం ఫీజు కట్టేవారే. ఆ డబ్బు ఏడాదీ రెండేండ్లూ ఆగితే కళాశాల నడపడం ఎట్లా అని వారి ప్రశ్న. రాష్ట్రమంతటా బకాయిలు వేల కోట్లకు చేరాయని 2025 నవంబరు 3 నుంచి ప్రైవేటు వృత్తివిద్యా, డిగ్రీ కళాశాలల యాజమాన్యాలు తలుపులు మూశాయి. కొద్ది రోజులకు ప్రభుత్వంతో చర్చలు జరిగి, కొంత మొత్తం విడుదలకు హామీ రావడంతో విరమించాయి. చిన్న పట్టణాల కళాశాలలు ఈ ఆలస్యానికి మొదట కుంగిపోతాయి. మేనేజ్‌మెంటు కోటాలో లక్షలు పోసి చేరే పిల్లలు హైదరాబాదులో దొరుకుతారు గాని ఇక్కడ దొరకరు.

అయినా సరే, సర్టిఫికెట్లు ఆపడం చెల్లదు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018లో ఈ విషయమై స్పష్టమైన ఉత్తర్వు ఇచ్చింది. ప్రవేశ సమయంలో ఒరిజినల్ పత్రాలు చూసి, సరిపోల్చుకుని, అక్కడికక్కడే విద్యార్థికి తిరిగి ఇచ్చివేయాలని, తమ దగ్గర అట్టిపెట్టుకోరాదని అందులో వున్నది. ఇట్లాంటి ఉత్తర్వు వున్నదని విద్యార్థులకు తెలియదు. తెలిసినా, రేపు ప్రాక్టికల్ మార్కులు వేసే చోట ఈ మాట ఎత్తే ధైర్యం ఎందరికి వుంటుంది? ఫిర్యాదు చేసి, విచారణ జరిగి, పత్రాలు చేతికొచ్చే లోపల పైచదువు సీటు పోతుంది. అందుకే తల్లులు పోరాటం మాట వదిలి అప్పు మాట చూస్తున్నారు.

డబ్బు ఎవరి చేతికి?

ప్రభుత్వం కట్టే ఫీజు ఎవరి ఖాతాకు పోవాలన్న ప్రశ్నకు ఒక్కొక్క చోట ఒక్కొక్క సమాధానం. మన దగ్గర ఏండ్లుగా అది కళాశాల ఖాతాకే పోతున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో తెచ్చిన విద్యా దీవెన పథకంలో మూడు నెలలకొకసారి తల్లుల ఖాతాలో వేశారు. తల్లి స్వయంగా కళాశాలకు పోయి కడితే చదువు ఎట్లా సాగుతున్నదో అడిగే హక్కు వస్తుందన్నది అప్పటి ఆలోచన. వచ్చిన డబ్బు ఇంటి ఖర్చులకు పోయి ఫీజు నిలిచిపోయిన సందర్భాలున్నాయని కళాశాలలు గోల పెట్టాయి. 2024లో ప్రభుత్వం మారాక తిరిగి కళాశాలలకే చెల్లించే పద్ధతికి వచ్చారు. తమిళనాడులో 2022 సెప్టెంబరు నుంచి, ప్రభుత్వ బడిలో ఆరు నుంచి పన్నెండు దాకా చదివి కళాశాలలో చేరిన ఆడపిల్లకు నెలకు వెయ్యి రూపాయలు నేరుగా ఆమె ఖాతాలోనే వేస్తున్నారు. మొత్తం చిన్నదే గాని ప్రతి నెలా చేతికి వస్తుంది. మన పిల్లలకు మంజూరయ్యే మొత్తం అంతకంటే పెద్దదైనా, ఏ నెలలో వస్తుందో చెప్పలేము.

షెడ్యూల్డు కులాల విద్యార్థుల విషయంలో కేంద్రం 2020 డిసెంబరులో పథకాన్ని మార్చింది. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతంగా నిర్ణయించారు. 2025-26 వరకు అయిదారేండ్లకు మొత్తం 59,048 కోట్ల రూపాయలు, అందులో కేంద్రానిది 35,534 కోట్లు. రాష్ట్రం తన వాటా విడుదల చేసిన తరువాతనే కేంద్రం తన వాటా వేస్తుంది. అది నేరుగా విద్యార్థి ఖాతాలోకి వస్తుంది, ఫీజు భాగాన్ని విద్యార్థే కళాశాలకు చెల్లించాలి. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు మించరాదు. నిర్వహణ భత్యం చదువును బట్టి మారుతుంది. వృత్తివిద్యా డిగ్రీల మొదటి శ్రేణిలో హాస్టలు విద్యార్థికి ఏడాదికి 13,500, ఇంటి నుంచి వచ్చేవారికి 7,000. బీఏ, బీకాం, బీఎస్సీ వంటి సాధారణ డిగ్రీలకు 6,000, 3,000. ఇంటర్, ఐటీఐ పిల్లలకు 4,000, 2,500. ఇంటర్ పిల్లవాడికి వచ్చే 2,500ను పన్నెండుతో భాగిస్తే నెలకు 208 రూపాయలు.

ఎక్కడ ఆగుతున్నది?

దరఖాస్తులు ఎక్కడ ఆగుతున్నాయో విచారిస్తే, పెద్ద కారణాలకంటే చిన్న కారణాలే ఎక్కువ కనిపించాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనుక. తండ్రి పేరు ఒకచోట మల్లయ్య, ఇంకొకచోట మల్లేశం. పదో తరగతిలో తెరిచిన బ్యాంకు ఖాతా వాడకపోవడంతో నిద్రపోయింది. ఖాతా వున్నది, ఆధార్ మాత్రం వేరే బ్యాంకుకు ముడిపడి వున్నది. డబ్బు వేసినవారు వేశామంటారు, పాసు పుస్తకంలో పడదు. ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు ముడిపడి వున్నదో దరఖాస్తుకు ముందే బ్యాంకులో అడిగి తెలుసుకుంటే నెలల తిప్పట తప్పుతుంది. వేలిముద్ర దగ్గర మరొక అడ్డంకి. తల్లితోపాటు బీడీలు చుట్టే ఆడపిల్లల వేళ్లకు గీతలు అరిగి యంత్రం ఒక్కోసారి గుర్తించదు, మళ్ళీ రమ్మంటారు. మళ్ళీ రావడమంటే ఒక పూట కూలి పోయినట్టే.

దరఖాస్తు పెట్టిన తరువాత అచ్చు తీసి, పత్రాలు జతచేసి కళాశాలలో ఇవ్వాలి. చాలా మంది ఆన్‌లైనులో నొక్కామన్న ధీమాతో ఆ కట్ట ఇంట్లోనే వుంచుకుంటారు. కళాశాల వారు పరిశీలించి పంపితే గాని జిల్లా సంక్షేమ అధికారుల దాకా పోదు. వారు చూసి మంజూరు చేసి, బిల్లు తయారయి, ఖజానాకు చేరాలి. హాజరు 75 శాతం తగ్గితే అక్కడే ఆగుతుంది. రెండో ఏడాది మళ్ళీ రెన్యూవల్ పెట్టాలి, మొదటి ఏడాది వచ్చింది గదా అని ఊరుకుంటే రాదు. అన్నిటికంటే ముఖ్యం, సీటు కన్వీనర్ కోటాలో వచ్చినదై వుండాలి. మేనేజ్‌మెంటు కోటాలో, చివర్లో మిగిలిన సీట్లకు కళాశాలలో నేరుగా జరిగే స్పాట్ అడ్మిషన్లలో చేరినవారికి ఫీజు రాదు. దూరవిద్య వారికీ అంతే. స్పాట్‌లో చేర్చుకునేటప్పుడు ఈ మాట గట్టిగా చెప్పని కళాశాలలూ వున్నాయి.

ఈ వార్త రాస్తున్నవాడు కూడా ఇంటర్ దగ్గర ఆగినవాడే. ఆ సంవత్సరం ఆదాయ పత్రం చేతికి వచ్చేసరికి గడువు దాటి మూడు రోజులయింది. ఇప్పుడు గడువులు తరచూ పొడిగిస్తున్నారు, అప్పుడు అట్లా పొడిగిస్తారని ఎవరూ చెప్పలేదు.

ఈ-పాస్ ఒక్కటే దారి కాదన్నది కూడా విద్యార్థులు గుర్తుంచుకోవలసిన విషయం. ఇంటర్‌లో తమ బోర్డులో పై 20 శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు వున్నవారికి కేంద్ర విద్యాశాఖ డిగ్రీలో ఏడాదికి 12,000, పీజీలో 20,000 ఇస్తున్నది. ఎంపికకు కోటా వుంటుంది. ఇంజనీరింగు, డిప్లొమాలో చేరిన ఆడపిల్లలకు ఏఐసీటీఈ వారి ప్రగతి ఉపకార వేతనం ఏడాదికి 50,000. ఇది ఇంటికి ఇద్దరికి మించి ఇవ్వరు, ఆదాయం ఎనిమిది లక్షల లోపు వుండాలి. దుబ్బాక, సిద్దిపేట ప్రాంతాల్లో ఎక్కువ మందికి పనికొచ్చేది మరొకటి వున్నది. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఒకటో తరగతి నుంచి వృత్తివిద్య దాకా, తరగతిని బట్టి 1,000 నుంచి 25,000 రూపాయల వరకు ఇస్తుంది. ఇవన్నీ జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టుకోవాలి. ఒకే చదువుకు రెండు చోట్ల తీసుకోరాదన్న షరతులు వుంటాయి గనుక ఏది లాభమో ముందే లెక్క చూసుకోవాలి. వరుసలో నిలబడిన ఆ తల్లి దగ్గర బీడీ కార్మికుల గుర్తింపు కార్డు వున్నది. ఇట్లాంటి ఉపకార వేతనం వున్నదని పెద్ద కూతురి చదువు పూర్తయ్యేదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

జిల్లా కార్యాలయాలు 2021 నుంచి దుద్దెడ దగ్గరి కొత్త సముదాయంలోకి మారాయి. కాగితం ఆగిన విద్యార్థి సిద్దిపేట దాకా ఒక బస్సు, అక్కడి నుంచి దుద్దెడకు మరొక బస్సు ఎక్కాలి. ప్రవేశాలు జరిగే రెండు నెలలైనా వారానికొక రోజు సంక్షేమ శాఖ సిబ్బంది, బ్యాంకు సిబ్బంది పట్టణంలోని డిగ్రీ కళాశాలలో ఒక బల్ల వేసుకుని కూర్చుంటే పేర్ల తప్పులు, ఖాతాల తప్పులు అక్కడే తీరతాయి. మంజూరయిన మొత్తం వివరాలు కళాశాల నోటీసు బోర్డుమీద అంటిస్తే, ఎంత వచ్చిందో, ఎంత రావాలో పిల్లలకూ తెలుస్తుంది. అప్పు చేసి కట్టినవారికి, ప్రభుత్వం డబ్బు వచ్చిన తరువాత కళాశాల తిరిగి ఇచ్చిందా లేదా అన్నది ఇప్పుడు చూసే నాథుడు లేడు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆమె వంతు వచ్చింది. దరఖాస్తు తీసుకుని రసీదు ఇచ్చారు, పత్రం రావడానికి కొన్ని రోజులు పడుతుందన్నారు. రసీదును నాలుగు మడతలు పెట్టి కవర్లో వేసుకున్నది. చిన్నదానికి ఏ కళాశాల పెట్టుకోవాలని అడిగింది. ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలను మొదట పెట్టమని చెప్పాము. అక్కడ సీటు రాకపోతే ఎట్లా అన్నది. దుబ్బాక బస్సు వచ్చింది.